మీకు తెలుసా? రాతి సిలువకూ గొడుగు కావాలి

జూబిలీ హిల్స్‌లో బ్లూ క్రాస్ పక్కన ఒక రాతి పుట్టగొడుగు ఉంది. కింద కాడ, పైన గొడుగు. హైదరాబాదు బండల్ని కాపాడుకుందామని 1996లో మొదలైన 'సొసైటీ టు సేవ్ రాక్స్' వాళ్ళు దాన్ని 'టోడ్‌స్టూల్' అంటారు. ఫిల్మ్‌నగర్ దగ్గర 'మాన్‌స్టర్ రాక్' ఉంది, జూబిలీ హిల్స్‌లోనే 'ఒబెలిస్క్' ఉంది. హుడా రోజుల్లో వారసత్వ సంపద జాబితాకెక్కిన బండలివి. వీటికి ఏ శిల్పీ ఉలి తగిలించలేదు. చెక్కింది నీళ్ళు.

అదీ బండ నేల మీదికి రాకముందే. ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. మట్టి కింద ఉండగానే దీని పగుళ్ళలోకి వాన నీరు దిగింది. గాల్లోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని వచ్చే నీరు కాస్త ఆమ్లమే. గ్రానైటులో తెల్లగా, గులాబీ రంగుగా కనిపించే ఫెల్‌స్పార్‌ను అది మెల్లగా బంకమట్టిగా మార్చేస్తుంది. మూలల మీద మూడు వైపుల నుంచి దాడి కాబట్టి మూలలు ముందు పోతాయి, రాయి గుండ్రమవుతుంది. తర్వాత ఎప్పుడో పైమట్టి కొట్టుకుపోతే గుండ్లు బయటపడతాయి. మట్టి ఆనుకుని తడి నిలిచే మొదలు దగ్గర రాయి మరింత కరుగుతుంది. పుట్టగొడుగుకు కాడ వచ్చింది అలాగే.

ఈ సంగతంతా ఎందుకంటే, ఈసారి మన విషయం రాతి సిలువలు. వెయ్యేళ్ళూ అంతకు పైబడిన సిలువలు ఎండావానలకు ఎలా అరుగుతాయి, వాటిని కాపాడటానికి మనుషులు ఏమేం చేశారు, చేసి ఏమేం చెడగొట్టారు అన్నది. బండ మీద ఒక అంగుళం పోయినా బండ బండే. చెక్కడం లోతు చాలాచోట్ల అర అంగుళం కూడా ఉండదు. అది పోతే బొమ్మ పోయింది, అక్షరం పోయింది.

గోదావరి అడవిలో సిలువలున్నాయని తెలుసా?

ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో కాటాపూర్ అని ఒక ఊరుంది. మేడారం జాతర జరిగే మండలమే. ఈ ప్రాంతపు అడవుల్లో నాలుగు వైపులా రాతి పలకలు నిలబెట్టి, పైన పెద్ద బండ కప్పిన పాతకాలపు సమాధులు చాలా ఉన్నాయి. తెలుగు నేల మీద వీటిని రాకాసి గుళ్ళంటారు. 1860ల్లో సర్వే పని మీద ఇటు వచ్చిన మల్హెరాన్ అనే ఇంగ్లీషాయన ఈ గుళ్ళ పక్కనే నిలువెత్తు సిలువలు చూశాడు. ఒక్కొక్కటి ఒకే ఇసుకరాయిలో మలిచినది. ఫొటోలు తీసి, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి ఆ సంగతి తెలియజేశాడు.

జేమ్స్ ఫెర్గూసన్ భారతీయ కట్టడాల మీద అప్పట్లో పెద్ద దిక్కు. 1872లో ప్రపంచంలోని మోటు రాతి కట్టడాలన్నిటి మీదా ఒక లావుపాటి పుస్తకం వేస్తూ కాటాపూర్ సిలువ బొమ్మనూ అచ్చేశాడు. సిలువ ఉందంటే క్రైస్తవులు ఉన్నట్టే అన్నది ఆయన తర్కం. సిలువ పక్కనే సమాధి ఉంది కాబట్టి ఈ రాకాసి గుళ్ళు కూడా క్రీస్తు తర్వాత ఎప్పటివో అని ఇంకో మెట్టు ఎక్కాడు. ఒక ఆకారాన్ని పట్టుకుని మొత్తం శ్మశానం వయసునే కిందికి లాగేశాడన్నమాట.

అవి సిలువలు కావు, మనుషులు. గోదావరి అడవుల్లోనే దొంగతోగు వంటి చోట్ల ఇదే కోవకు చెందిన రాళ్ళలో కొన్నిటికి స్తనాలు స్పష్టంగా మలిచి ఉన్నాయి. పైన ఉన్నది తల, పక్కలకు చాచినవి చేతులు, కింద ఉన్నది మొండెం. ఇనుప యుగంలో, అంటే క్రీస్తుకు ముందే, చనిపోయిన వాళ్ళ దగ్గర నిలబెట్టిన ఆడ, మగ బొమ్మలు. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు వంటి వారు ఈ అడవులు తిరిగి వీటిని పరిశీలించి రాశారు.

ఫెర్గూసన్‌ను మరీ ఎగతాళి చేయనక్కర్లేదు. ఒంటి మీద గుర్తులు లేని రాయైనా, గుర్తులుండి అరిగిపోయిన రాయైనా చివరికి చూపించేది ఒక తల, రెండు చేతులు, ఒక మొండెం. ఎవరికైనా సిలువలానే కనిపిస్తుంది. వాన అందాన్నే చెరుపుతుందనుకుంటాం గానీ, ఆధారాన్ని కూడా చెరుపుతుంది. ఎవరు చెక్కారో, ఎవరి కోసం చెక్కారో చెప్పగలిగిన చిన్న గీతలే ముందు పోతాయి.

ఇసుకరాయిది మరీ సున్నితమైన ఒళ్ళు. ఇసుక రేణువుల్ని ఏదో ఒక బంధకం పట్టి ఉంచుతుంది. అది సిలికా అయితే గట్టిదే, సున్నమైతే వాన నీటికి కరుగుతుంది, బంకమట్టి అయితే తడికి ఉబ్బి ఎండకు ముడుచుకుంటుంది. బంధకం వదిలితే రేణువులు రాలిపోతాయి. అదే ములుగు జిల్లాలో ఇందుకు చక్కటి ఉదాహరణ రామప్ప గుడి. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఎర్ర ఇసుకరాతి గోడల్ని చూడండి, తర్వాత చూరు కింద నిలబడ్డ నల్లని డోలరైటు మదనికల్ని చూడండి. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత కూడా ఆ నల్లరాతి ఆడవాళ్ళ ఒంటి మెరుపు తగ్గలేదు. రాయి గట్టిది అన్నది ఒక కారణం, పైన చూరుండటం రెండోది.

ఈ ఫెర్గూసనే అమరావతి రాళ్ళను బండ్ల కొట్టంలో కనిపెట్టాడని తెలుసా?

కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాలు అక్కడ చాలా ఏళ్ళు ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 121 రాళ్ళను ఓడెక్కించి లండన్ పంపారు. అక్కడా సరైన చోటు దొరకలేదు. 1867 పారిస్ ప్రదర్శనకు భారతీయ కట్టడాల ఫొటోలు సమకూర్చే పనిలో ఉండగా, ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్ల కొట్టంలో అవి పడి ఉన్న సంగతి ఫెర్గూసన్ కంటపడింది. ఆ మరుసటి ఏడే అమరావతి, సాంచీల మీద ఆయన పుస్తకం వచ్చింది.

అమరావతి రాయి పల్నాటి సున్నపురాయి. ఉలికి ఎంత లొంగుతుందో ఆమ్లానికీ అంతే లొంగుతుంది. బొగ్గు పొగలోని గంధకం తడితో కలిసి సున్నపురాయి మీద పడితే పైపొర జిప్సంగా మారుతుంది. జిప్సం మసిని పట్టుకుని నల్లటి పెచ్చు కడుతుంది. పెచ్చు ఊడితే దాంతో పాటు చెక్కడమూ ఊడుతుంది. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరిన ఈ శిల్పాలను అక్కడి పెద్ద మెట్ల దారి గోడలకు అమర్చారు. లండన్ గాలి ఆ మెట్ల దాకా వచ్చింది. చివరికి 1992లో గాలిలో తేమను, వేడిని అదుపులో ఉంచే అద్దాల గది కట్టి అందులో పెట్టారు. కృష్ణ ఒడ్డున ఎన్నో వందల ఏళ్ళు మట్టిలో భద్రంగా ఉన్న రాయికి, బయటికి తీశాక ఏసీ గది కావలసి వచ్చింది! తవ్వి తీయడమే కాపాడటం అనుకునే వాళ్ళు ఈ ఒక్క కథ చదివితే చాలు.

మరి నిజంగా పాత సిలువ ఎక్కడుంది?

మన తెలుగు సినిమా మద్రాసులో కాపురమున్నంత కాలం దానికి పొరుగునే ఉంది. కోడంబాక్కం, వడపళని స్టూడియోల నుంచి సెయింట్ థామస్ మౌంట్ కొండకు పెద్ద దూరం లేదు. 1547లో పోర్చుగీసు వాళ్ళు ఆ కొండ మీద గుడి కట్టడానికి పునాది తవ్వుతుంటే చెక్కిన రాతి పలక ఒకటి బయటపడింది. మధ్యలో సిలువ, దాని కొసలు మొగ్గల్లా విచ్చుకుని ఉంటాయి. పైన కిందికి దిగుతున్న పావురం, అడుగున ఆకులు, చుట్టూ తోరణం. ఆ తోరణం వెంబడి ఉన్న లిపి పహ్లవీ, అంటే ఇస్లాంకు ముందు నాటి పారశీకుల రాత. ఇలాంటివి కేరళలో కొట్టాయం వలియపల్లి వంటి చోట్లా ఉన్నాయి. వీటిని సాధారణంగా 7 నుంచి 9 శతాబ్దాల మధ్య కాలానివిగా లెక్కగడతారు.

ఆ పలకలోని అక్షరాలు ఇప్పటికీ చదవగలిగేలా ఉండటానికి కారణం చాలా మామూలుది. కొంత కాలం మట్టిలో ఉంది, తర్వాత గుడిలో బలిపీఠం మీదికి చేరింది. వాన చినుకు పడలేదు. అప్పుడప్పుడూ, ముఖ్యంగా డిసెంబరు 18న, ఈ సిలువ చెమర్చేదని భక్తుల సంప్రదాయం. ఆఖరిసారి 1704లో అని చెబుతారు. ఆ నమ్మకం జోలికి నేను పోను. రాతిని చూసుకునే వాళ్ళ తిప్పలు వేరే ఉన్నాయి. చల్లగా ఉన్న రాయికి సముద్రపు తేమ గాలి తగిలితే కప్పు కిందనైనా రాయి తడుస్తుంది. అందుకే కప్పు ఒక్కటీ చాలదు, గాలి ఆడటమూ కావాలి.

కేరళలో చర్చి ముంగిట నిలబెట్టిన ఎత్తైన గ్రానైటు సిలువలది ఇంకో తీరు. మన ధ్వజస్తంభాలు నిలిచే చోటే అవి నిలుస్తాయి. పీఠం చుట్టూ నూనె దీపాలు పెడతారు. నూనె ఓడి రాయి నల్లబడుతుంది, మీద దుమ్ము అంటుకుంటుంది. రసాయనాలతో కడిగి తెల్లగా చేద్దామనే ఉత్సాహవంతులు అక్కడా ఉంటారు, ఇక్కడా ఉంటారు. దీపం మాన్పించక్కర్లేదు. రెండు జానలు దూరం జరిపితే చాలు.

ఒక చిన్న సంగతి మధ్యలో. బందరులో 17వ శతాబ్దపు డచ్చి వాళ్ళ సమాధులున్నాయి. రాతి పలకల మీద వాళ్ళ వంశ చిహ్నాలు, అక్షరాలు ఉబ్బెత్తుగా చెక్కి ఉంటాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. వానకు తోడు అక్కడ సముద్రపు ఉప్పు గాలి కూడా ఉంది. హైదరాబాదు ఉప్పుగూడలో అదే శతాబ్దపు అర్మేనియన్ల సమాధులు, వాళ్ళ లిపిలో రాతలతో సహా ఉన్నాయి. అర్మేనియాలో సిలువ చెక్కిన నిలువురాళ్ళను ఖచ్కార్లంటారు. వాటిని చెక్కే విద్యను 2010లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. రాళ్ళతో పాటు ఉలి పట్టే చేతుల్ని కూడా లెక్కలోకి తీసుకోవడం నాకు నచ్చిన పని.

ఉప్పు రాతిని పేలుస్తుందని తెలుసా?

పాత ఇంటి గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తున చవుడెక్కి సున్నం రాలడం చూసే ఉంటారు. నిలబెట్టిన రాతిదీ అదే గతి. ఒత్తి నూనెను పీల్చినట్టు రాయి అడుగు నుంచి నీటిని పైకి లాగుతుంది. నీటితో పాటు మట్టిలోని లవణాలూ ఎక్కుతాయి. పైకొచ్చిన నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. రాతి పైన తెల్లగా తేలితే తుడిచేయొచ్చు, అదృష్టవంతులం. పైపొర వెనక రంధ్రాల్లో స్ఫటికం కడితేనే ముప్పు. సోడియం సల్ఫేట్ అనే ఉప్పు తేమ పీల్చి రూపం మార్చుకునేటప్పుడు ఘనపరిమాణం మూడు రెట్లకు మించి పెరుగుతుంది. చలిదేశాల్లో నీరు గడ్డకట్టి ఉబ్బేది 9 శాతమే. మనకు మంచు లేదని రాతికి నిశ్చింత లేదు. వానాకాలం తడుపుతుంది, ఎండాకాలం ఆరబెడుతుంది, ఏటేటా ఉప్పు ఇంకో పొర ఎత్తుతుంది.

అందుకే నిలువురాయి ముందుగా దెబ్బతినేది నేలకు ఆనుకున్న చోట. టోడ్‌స్టూల్ కాడ సన్నబడింది ఎక్కడో గుర్తు తెచ్చుకోండి.

దీనికి మందు చాలా చవకైనది: తడిపిన కాగితపు గుజ్జు. స్వచ్ఛమైన నీటిలో నానిన గుజ్జును రాతికి పట్టీలా వేస్తారు. అది ఆరుతూ లోపలి ఉప్పును తనలోకి లాగేసుకుంటుంది. పీకేసి కొత్తది వేస్తారు, ఉప్పు తగ్గేదాకా. మన పురావస్తు శాఖలో రసాయన విభాగానికి 1917లో మహమ్మద్ సనావుల్లాతో శ్రీకారం చుట్టారు. అప్పటి నుంచి ఎన్నో గుళ్ళ రాళ్ళు ఈ గుజ్జు పట్టీలు వేయించుకున్నాయి. అయితే కింద నీరు నిలవకుండా కాలవ తీయకపోతే ఎన్ని పట్టీలు వేసినా కొత్త ఉప్పు ఎక్కుతూనే ఉంటుంది. కాలవ తీసిన మనిషికి ఎవరూ శాలువా కప్పరు గానీ, నా లెక్కలో రాతిని ఎక్కువగా బతికించేది అతనే.

పూత పూస్తే కాపాడినట్టేనా?

అజంతా చిత్రాలు నిజాం ఏలుబడిలో ఉన్న రోజుల్లో, గులాం యజ్దానీ అక్కడి పురావస్తు శాఖకు అధిపతి. 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సీనీ అనే ఇద్దరు నిపుణుల్ని పిలిపించారు. ఊడిపోతున్న గారను వాళ్ళు నిలబెట్టారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ రంగులు నిలవడానికి చిత్రాల మీద లక్క పూత వేశారు. కొత్తలో చిత్రాలు నిగనిగలాడి ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ లక్క పసుపుబారి, ముదురు రంగుకు తిరిగి, దుమ్ము పట్టుకుని అసలు రంగులనే మూసేసింది. దాన్ని జాగ్రత్తగా తీసేయడమే తర్వాతి తరాల రసాయన నిపుణులకు పెద్ద పని అయింది. అవి చిత్రాలే అయినా రాతి మీద పూతలకూ ఇదే వర్తిస్తుంది. తిరిగి తీయలేని పూత వేయకూడదన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకునే నియమం. ఇప్పటికీ అందరూ ఉల్లంఘించేదీ అదే.

మన దగ్గర రాతికి జరిగే అన్యాయాల్లో పెద్దది సిమెంటు. పగులు కనిపించగానే ఓ తట్టెడు సిమెంటు కలిపి పూసేస్తారు. సిమెంటు మెత్తటి రాతికంటే గట్టిది, రాతిని ఊపిరాడనివ్వదు, పైగా తనలోని లవణాలను రాతికి ఎక్కిస్తుంది. నీరు బయటికి రావడానికి దారి వెతుక్కుని రాతిలోంచే వస్తుంది. అంటే అతుకు నిలుస్తుంది, అతుకు పక్క రాయి రాలుతుంది. పాతవాళ్ళ గానుగ సున్నం, అందులో కరక్కాయ, బెల్లం నీళ్ళు ఊరికే పెట్టినవి కావు. సున్నం మెత్తన. దెబ్బ తగిలితే ముందు తానే పోతుంది, రాయి మిగులుతుంది. కొన్నేళ్ళకోసారి మళ్ళీ పూసుకోవాలి, అంతే.

ఎనామిల్ రంగులు, మెరుపు కోసం వార్నిష్, ఇసుకను గాలితో కొట్టి కడగడం, ఇనుప బ్రష్షుతో నాచు గీకడం, ఇవన్నీ కూడా ఆ జాబితాలోవే. రాతిని పట్టుకున్న లైకెన్ కొంత ఆమ్లం వదులుతుంది, నిజమే. దాన్ని గీకి తీస్తే మాత్రం అది పట్టుకున్న రేణువులూ దాంతోపాటే వచ్చేస్తాయి. కొన్నిసార్లు వదిలేయడమే మేలు.

రాలిపోతున్న ఇసుకరాయికి ఇథైల్ సిలికేట్ అనే ద్రవం ఇస్తారు. లోపలికి ఇంకి, తేమతో కలిసి సిలికాగా మారి రేణువుల్ని మళ్ళీ కలిపి కట్టేస్తుంది. లండన్ పార్లమెంటు భవనం రాయి రాలిపోతున్న రోజుల్లో, 1861లోనే హోఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ ఊహ చెప్పాడు. అందరి చేతికీ వచ్చింది మాత్రం వందేళ్ళ తర్వాత. ఇది కూడా వెనక్కి తీయలేనిదే. కాబట్టి చివరి మందుగా వాడాలి, మొదటి మందుగా కాదు.

ఐర్లండులో బయట నిలబడ్డ సిలువ నకలని తెలుసా?

షానన్ నది ఒడ్డున క్లోన్‌మెక్‌నాయిస్ అనే పాత మఠం ఉంది. అక్కడి ఇసుకరాతి సిలువ దాదాపు 4 మీటర్ల ఎత్తు. బైబిలు కథల్ని దాని ఒళ్ళంతా గళ్ళు గళ్ళుగా చెక్కారు. పదకొండు వందల ఏళ్ళ నాటిది. 1990ల మొదట్లో దాన్నీ, దాని ఇద్దరు తోబుట్టువులనూ లోపలి భవనంలోకి తీసుకెళ్ళారు. అవి ఉన్న చోట్ల నకళ్ళు నిలబెట్టారు. యాత్రికుడు ముందు బయట నకలు చూస్తాడు, తర్వాత లోపల అసలు చూస్తాడు. వానకు తడిసేది నకలు.

స్కాట్లండులో ఒక్కో రాతికీ ఒక్కో దారి వెతికారు. రూత్‌వెల్ సిలువను 1640ల్లో విగ్రహారాధన అని పగలగొట్టారు. 1823లో ఒక పాదిరి ముక్కలు ఏరి నిలబెట్టాడు. 1887లో దాన్ని చర్చిలోకి చేర్చారు. కప్పు ఎత్తు చాలక నేలలో గొయ్యి తవ్వి అందులో నిలిపారు! అయోనా దీవిలో సెయింట్ జాన్ సిలువ 1950ల్లో రెండుసార్లు గాలికి కూలింది. 1970లో దాని చోట కాంక్రీటు నకలు పెట్టారు, అసలు ముక్కల్ని మ్యూజియంలో కూర్చారు. డప్లిన్ సిలువ 2002లో డన్నింగ్ ఊరి చర్చి చేరింది. ఆరున్నర మీటర్ల స్యూనో రాయిని కదపలేక, 1990ల్లో చుట్టూ దృఢమైన అద్దాల పెట్టె కట్టేశారు. నాకైతే ఆ అద్దాల పెట్టె ఏ కోశానా నచ్చదు. మైదానం మధ్య రాయిని షోరూములో పెట్టినట్టుంటుంది. కానీ ఆ రాతి మీది గుర్రాల వరసలు ఇంకో వందేళ్ళు కనబడాలంటే నా ఇష్టాయిష్టాలు పక్కన పెట్టాల్సిందే.

అసలును ఊరి నుంచి తీసుకుపోవడం మీద ఒక పేచీ ఎప్పుడూ ఉంటుంది. రాయి తన చోట ఉంటేనే రాయి, మ్యూజియంలో అది వస్తువు అంటారు. మేడారం దారిలో నిలబడ్డ రాయిని హైదరాబాదు తెస్తే అడవి వాళ్ళకు ఏం మిగులుతుంది? న్యాయమైన ప్రశ్నే. ఊళ్ళోనే చిన్న కప్పు, చుట్టూ కాలవ, పక్కన చూసుకునే ఊరి మనిషికి జీతం, ఈ మూడూ అయితే దాన్ని ఎక్కడికీ తేనక్కర్లేదు. ఆ మూడూ కుదరనప్పుడే నకలు మాట వస్తుంది.

ఫిల్మ్‌నగర్ ఇక్కడ ఎందుకు పనికొస్తుంది?

నకళ్ళు చేయడంలో ఈ దేశంలో ఫిల్మ్‌నగర్‌ను మించిన చోటు నాకు తోచదు. ఆర్ట్ డైరెక్టర్ల దగ్గర పనిచేసే మోల్డర్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మాకోల్, ఫైబర్‌తో వారం రోజుల్లో ఒక కోట ముఖద్వారం లేపుతారు. కొత్త రాయిని పాత రాయిగా చూపించే పని, అంటే వాన చారలు, నాచు మరకలు, పెచ్చులూడిన అంచులు వేయడం, వాళ్ళ రోజువారీ కూలి. వాన రాతిని ఎక్కడెక్కడ తింటుందో వాళ్ళకు చేతి అలవాటుగా తెలుసు. సూపర్‌విజన్ చేసే పురావస్తు నిపుణుడొకడు పక్కనుంటే ఆ చేతులే కాటాపూర్ రాళ్ళకు కచ్చితమైన నకళ్ళు పోయగలవు.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. సెట్టు కోసం చేసినట్టు రాతి మీద నేరుగా సిలికాన్ రబ్బరు పోసి అచ్చు తీయకూడదు. బలహీనమైన పైపొర అచ్చుతోపాటు ఊడి వస్తుంది, రబ్బరులోని నూనె రాతిలోకి ఇంకి మరక మిగులుతుంది. దానికీ ఇక్కడే విరుగుడుంది. గ్రాఫిక్స్ కోసం నటుల మొహాలనూ, కొండలనూ ఫొటోలతో, లేజరుతో కొలిచి కంప్యూటర్లోకి ఎక్కించే స్టూడియోలు ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. రాతిని ముట్టుకోకుండా అన్ని వైపుల నుంచీ వందల ఫొటోలు తీసి దాని రూపం కట్టేయొచ్చు. అయిదేళ్ళ తర్వాత మళ్ళీ తీస్తే, రెండిటినీ పోల్చి ఎక్కడ ఎన్ని మిల్లీమీటర్లు పోయిందో చెప్పొచ్చు. ఫలానా రాయి అరుగుతోందని బల్ల గుద్ది వాదించుకునే బదులు కొలిచి చూపించడం అన్నమాట.

ఇంకోటి లైట్‌బాయ్‌లకు బాగా తెలిసిన కిటుకు. నడినెత్తిన సూర్యుడుంటే అరిగిన చెక్కడం అసలు కనిపించదు. అదే వెలుగును పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించి వేస్తే వెంట్రుకవాసి లోతున్న గీతకు కూడా నీడ పడుతుంది. 2001లో హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ దీన్నే పద్ధతిగా మలిచాడు. కెమెరా కదలదు, దీపం మాత్రం చుట్టూ తిరుగుతుంది. ఒక్కో కోణానికి ఒక్కో ఫొటో. అన్నీ కలిపిన బొమ్మలో మనకు కావలసిన వైపు నుంచి వెలుగు వేసుకుని చూడొచ్చు. పనికిరావని వదిలేసిన శాసనాలు, నాణేలు ఎన్నో ఈ పద్ధతిలో మళ్ళీ చదివించుకున్నాయి.

కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. రామప్పకో, బందరు సమాధులకో, సెయింట్ థామస్ మౌంట్‌కో వెళ్ళినప్పుడు ఫోను టార్చి ఆన్ చేసి, రాతికి పక్కవాటుగా పట్టి చూడండి. ఆరుబయట రాళ్ళయితే పొద్దున్నే ఏడింటికి గానీ, సాయంత్రం అయిదు దాటాక గానీ వెళ్ళండి, సూర్యుడే టార్చి పడతాడు. అక్షరాలు కనబడటం లేదని వాటిలో సుద్దముక్క రుద్దకండి, పసుపు, పిండి అసలు పూయకండి. నీళ్ళు చల్లితే రాత తేలుతుందని ఎవరైనా చెబితే బాటిల్ మూత బిగించేయండి.